సుక్కు కాపీ ఇవ్వని రోజు

రాజపాళయం,
జూన్ 9

చెల్లెలు వినోదినికి అక్క అఖిలాండం రాసేది.

ఫోను చేతిలో ఉండగా ఈ కాగితం ఎందుకని అడుగుతావు. ఫోనులో మాట్లాడితే ఇంట్లో అందరి చెవులూ నా నోటి దగ్గరే ఉంటాయి. మీ బావ మంచం హాల్లో వేశాం, ఇల్లు చూస్తే రెండు గదులు. ఇక్కడ అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, కానీ చదవడం ఒక్కరికీ రాదు. మన తాత పలక మీద మనిద్దరి చేతా దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్లకి పనికొచ్చాయి. ఇక నాకు ఏ భయమూ లేదు, నోటికొచ్చినట్టు రాస్తాను.

మీ బావ కాలి సంగతి నీకు తెలిసిందే. మిల్లులో ఫిట్టరుగా రిటైరైనప్పటి నుంచే చక్కెర జబ్బుతో పాదాలకి స్పర్శ లేదు. పిక్కలు నొప్పిగా ఉన్నాయని బకెట్లో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టాడు. నీళ్లు ఎంత వేడో కాలికి తెలియలేదు. కుడి పాదం తోలంతా ఊడి వచ్చేసింది. ఆస్పత్రిలో కుళ్లిన మాంసం గీకి, పుండు మానకపోతే చీలమండ దాకా తీసేయాలన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

మా వాడు అజిత్ కోయంబత్తూరు నుంచే, నర్సులని పంపే మదురై ఆఫీసు ఒకదానితో మాట్లాడి ఇంటికి నర్సుని పెట్టాడు. పేరు ముత్తుమారి. ముప్పై కూడా ఉండవు. పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. ఇన్సులిన్ వేస్తుంది, కట్టు మారుస్తుంది, ఒళ్లు తుడుస్తుంది. మంచి పిల్లే. అదే నా బాధ.

మొదటి రోజు గడపలో అడుగు పెట్టిందో లేదో, "ఏమి మామా, రాత్రి నిద్ర పోయినారా?" అంది. మామా అట! మన పక్క అది మొగుణ్ణి పిలిచే పిలుపని ఆ పిల్లకి తెలియదా? మీ బావ మాత్రం "బాగా పోయినాను పిల్లా" అని ముఖమంతా నవ్వాడు. నేను అడిగితే "ఊఁ" అనే మనిషి.

సత్రపట్టి మగ్గాల షెడ్డులో పుండ్లకి కట్టే గుడ్డ ఎన్నేళ్లు నేశానో నీకు తెలుసు. ఇప్పుడు నన్ను ఆ కాలి దగ్గరికే రానివ్వడం లేదు. "పెద్దమ్మా, చేతులు కడిగినారా? సరి, అయినా మీరు తాకొద్దు" అంటుంది. గుడ్డ నేసిన చెయ్యి పనికి రాదట, కట్టు కట్టే చెయ్యే కావాలట. ఒళ్లు మండిపోతోంది చెల్లీ.

జవాబు తెలుగులోనే రాయి.

అక్క


తిరుచ్చి,
జూన్ 17

అక్కకి,

నీ ఉత్తరం వార్డులోనే విప్పి చదివి నవ్వుకున్నాను. పక్కనున్న సిస్టర్ "ఎవరికైనా పెళ్లి కుదిరిందా" అని అడిగింది. మా అక్కకి అరవై దగ్గర పడ్డాక మొగుడి మీద ప్రేమ పుట్టుకొచ్చిందని చెప్పాను.

నవ్వు అటుంచు. మగవాళ్ల మెడికల్ వార్డులో నర్సుగా నేను రోజూ చూసేవి ఇలాంటి కాళ్లే. పుండు ఎర్రగా, తడిగా కనిపిస్తే మానుతున్నట్టు. నల్లబడినా, వాసన వచ్చినా, చుట్టూ వాచినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపో. ఎడమ కాలిని కూడా రోజూ వేళ్ల సందుల్లో చూడాలి, అందరూ దాన్ని మరిచిపోతారు. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవనివ్వకు. ఇన్సులిన్ వేశాక అన్నం ఆలస్యం కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చక్కెర అదుపులో లేకపోతే ఎంత మంచి కట్టు కట్టినా పుండు మానదు. కాలు నిలిచేది దాని మీదే.

ఆ పిల్ల నిన్ను తాకనివ్వకపోవడం సరైన పనే. మగ్గం మీంచి దిగిన గుడ్డకి గంజి ఉంటుంది, దుమ్ము ఉంటుంది. కాచి, ఆవిరి పట్టాకే అది కట్టు అవుతుంది. నీ చేతి మీద కోపంతో కాదు.

మామా అన్న పిలుపు నచ్చకపోతే మార్చమని చెప్పు. అంతేగానీ లోపల పెట్టుకుని కుళ్లకు.

వినోదిని


రాజపాళయం,
జూలై 14

వినోదినికి,

నువ్వు చెప్పినట్టే పిలుపు మార్చమన్నాను. "ఇకమీద పెదనాన్నా అని పిలువు" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "సరి పెద్దమ్మా" అని పక్కకి తిరిగి నవ్వింది. మంచం మీద మీ బావ కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు చెల్లీ, నా ఇంట్లో, నేను ఊడ్చిన హాల్లో. వంటింట్లోకి పోయాను.

అయితే నా చేతిలోనూ ఒకటి ఉంది. మధ్యాహ్నం ఆ పిల్ల పెరట్లో కూర్చుని అన్నం తిని, చేతులు కడుక్కుని, కాసేపు వాళ్ల అమ్మతో ఫోను మాట్లాడుతుంది. ఆ వేళకి నేను సుక్కు కాపీ కాస్తాను. శొంఠి దంచి, ధనియాలు వేసి, కరుపట్టి బాగా పడేట్టు. పొద్దున పణియారాలు మిగిలితే రెండు పక్కన పెడతాను. మీ బావ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "అఖిలా, దీని కోసమే బతికి ఉండాను" అంటాడు. తాగి మూతి తుడుచుకుని పెరటి వైపు చూస్తాడు, దొంగతనం చేసిన పిల్లాడిలాగా. ఆ కాసేపు ఆయన నావాడు. చక్కెరైతే నేను పెట్టను, నాకు తెలియదా? ఇది తాటిబెల్లం, మందులాంటిది.

ఇంకో సంగతి. సాయంత్రం పరీక్షలో చక్కెర ఎప్పుడూ ఎక్కువే వస్తోంది. ముత్తుమారి ముఖం చిన్నబోతోంది. డాక్టరు పొద్దుటి ఇన్సులిన్ రెండుసార్లు పెంచాడు. "ఎందుకో తెలియలేదు పెద్దమ్మా, అన్నీ సరిగానే చేస్తా ఉండాను" అని నా దగ్గరే మొరపెట్టుకుంది. అన్నీ తెలిసినదానికి ఒక్కటి తెలియకపోతే ఏమైందిలే అనుకున్నాను. నాకు సంతోషంగానే ఉంది. రాయకూడదు, అయినా రాశాను.

అక్క


తిరుచ్చి,
జూలై 20

అక్కా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను, రెండుసార్లు చదువుకో.

కరుపట్టి కూడా చక్కెరే. రంగు నలుపు, అంతే. ఒంట్లోకి పోయాక దానికి తాటిచెట్టు గుర్తుండదు. మన ఊళ్లో ప్రతి ఇంట్లో ఈ భ్రమ ఉంది, దీని వల్ల కాళ్లు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను.

కానీ రేపటి నుంచే గ్లాసు మానేయకు! ముందు ముత్తుమారికి చెప్పు. నీ కాపీకి సరిపడా డాక్టరు మందు పెంచుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆ మందు వేసి కాపీ ఆపితే చక్కెర అమాంతం పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, తెలివి తప్పుతుంది. ప్రాణం పోవచ్చు. మందు తగ్గించాకే గ్లాసు ఆపాలి.

నీకు చెప్పడం సిగ్గయితే ఫోనులో నేను చెబుతాను. ముత్తుమారి నంబరు పంపు.

వినోదిని


రాజపాళయం,
ఆగస్టు 2

చెల్లీ,

అంత కంగారు పడకు. చెప్పేశాను, మానేశాను, డాక్టరు మందు కూడా తగ్గించాడు. నంబరు అక్కరలేదు. పుండు ఎర్రబడుతోంది, నువ్వు చెప్పిన మంచి ఎరుపే. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది, ఆరేసిన చీరలు పక్కింటికి పోతున్నాయి. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

అక్క


రాజపాళయం,
సెప్టెంబరు 11

వినోదినికి,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. మీ బావ చావు తప్పించుకుని వచ్చాడు.

సోమవారం పొద్దున నేను బజారు నుంచి వచ్చేసరికి ఆ పిల్ల మీ బావ మీసం కత్తిరిస్తోంది. ఆ మీసం సంగతి నీకు తెలుసు గదా. పెళ్లయిన నాటి నుంచి నన్ను వేలు పెట్టనివ్వలేదు. "పెదనాన్నా, కదలొద్దు, ఒక పక్క పోతే నన్ను అనొద్దు" అంటూ చిన్న కత్తెరతో సర్ది, అద్దం చూపించింది. ఆయన అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాడు. "మన అఖిల చేతిలో పెట్టి ఉంటే ఈ పాటికి ఊడిపోయేది" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

నేను కూరగాయల సంచి అక్కడే పడేశాను. అన్నం వండి మూత పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి సత్రపట్టి పాత షెడ్డుకి పోయి, అప్పట్లో నాతో నేసిన పళనియమ్మాళ్ మగ్గం పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం కూడా ఇంటికి పోలేదు. నా అవసరం ఎవరికుంది అనుకున్నాను.

సాయంత్రం ఎదురింటి వీరమ్మాళ్ ఫోను చేసింది. మీ బావకి చెమటలు పట్టాయట, పిచ్చి మాటలు మాట్లాడాడట. ముత్తుమారి పరీక్ష చేస్తే చక్కెర అడుగంటి ఉంది. మింగగలిగినంత సేపు చక్కెర నీళ్లు చెంచాతో పోసి, తెలివి తప్పాక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేసిందట. నేను షేర్ ఆటోలో పడి ఆస్పత్రికి చేరేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది.

చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచాడు. నన్నే చూస్తూ "ముత్తుమారీ" అన్నాడు.

అంతే చెల్లీ. ఇంకేం రాయమంటావు?

అజిత్ రాత్రి బస్సుకి వచ్చాడు. ఇన్సులిన్ ఎక్కువ ఎక్కించి ఉంటుందని వాడి అనుమానం, డాక్టరు కూడా అదే అడిగాడు. ఆ పిల్ల "లేదు సార్, రాసిచ్చిన అంతే వేసినాను" అని ఏడ్చింది. మదురై ఆఫీసుకి ఫిర్యాదు పోయింది, అక్కడి నుంచి మనిషి వచ్చి విచారిస్తాడట. ఆ పిల్ల ఇక ఇంటికి రాదు. మీ బావ కాలు నేనే చూసుకుంటాను. ఎలా కడగాలో, ఎలా కట్టాలో వివరంగా రాయి.

అక్క


తిరుచ్చి,
సెప్టెంబరు 16

అఖిలాండం గారికి, స్టాఫ్ నర్సు వినోదిని రాసేది.

కట్టు ఎలా కట్టాలో తర్వాత రాస్తాను.

మీరు ఆగస్టులో కాపీ మానేశానన్నారు, మందు తగ్గిందన్నారు. రెండూ అబద్ధం. మందు తగ్గి ఉంటే, ముందే మానేసి ఉంటే ఇలా జరిగేది కాదు. రోజూ ఇస్తూనే ఉన్నారు. సోమవారం ఒక్కనాడే ఇవ్వలేదు, అలిగి పోయారు కాబట్టి. నేను జూలైలో రాసిన ఉత్తరం తీసి చదవండి. అందులో రాసినది అక్షరం పొల్లుపోకుండా జరిగింది. ఆ పిల్ల తప్పు చేయలేదు, అది మీకు ఆస్పత్రిలోనే తెలుసు.

అక్కా, ఇక గారు అనలేను, చెయ్యి రావడం లేదు. ఒకటి చెబుతాను విను. పోయిన ఏడాది ఒకాయనకి స్పాంజి బాత్ చేస్తుంటే ఆయన భార్య వచ్చి నా చేతిలో గిన్నె లాక్కుంది. "నా మొగుడి ఒంటి మీద నీకేం పని" అంది, వార్డంతా వింటుండగా. ఆయనకి వీపంతా పుండ్లు. నేను ఆ పుండ్లని తప్ప ఇంకేమీ చూడలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. నువ్వు ఈ నాలుగు నెలలూ ముత్తుమారి గురించి రాసిన ప్రతి మాటా నన్ను అన్నట్టే తగిలింది. నవ్వుతూ జవాబు రాశాను గానీ తగిలింది. ఎవరో ఒకరి అక్క నా గురించి ఇలాగే రాస్తూ ఉంటుంది.

మందు తప్పు వేసిందన్న మాట ఒక్కసారి పడితే ఆ పిల్లని ఇక ఏ ఇంట్లోనూ, ఏ ఆస్పత్రిలోనూ పెట్టుకోరు. ఆఫీసు మనిషి వచ్చేలోగా నువ్వు నిజం చెప్పు. చెప్పకపోతే ఆదివారం బస్సెక్కి నేను వచ్చి చెబుతాను. అప్పుడు నీకు చెల్లెలు ఉండదు.

వినోదిని


రాజపాళయం,
సెప్టెంబరు 20

వినోదినికి,

చెప్పాను. ఈసారి నిజంగానే చెప్పాను, కావాలంటే అజిత్‌ని అడుగు.

నువ్వు రాయకపోయినా చెప్పేదాన్ని అని రాయడానికి మనసొప్పడం లేదు. బహుశా చెప్పేదాన్ని కాదు.

నిన్న ఆఫీసు మనిషి వచ్చాడు. ముత్తుమారిని కూడా పిలిపించారు. హాల్లో కుర్చీ వేసినా కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన కాగితాలు విప్పి, "అయ్యా, ఆ రోజు మీరు ఏమేం తినినారు? రోజూ తినేదే గదా?" అని మీ బావని అడిగాడు. మీ బావ నా వైపు చూశాడు. సుక్కు కాపీ ఆయనకి తెలియని సంగతి కాదు, రోజూ తాగిన మనిషి. ఒక్క మాట చెబితే ఆ పిల్ల బయటపడుతుంది. ఆయన నన్ను చూసి, తల దించుకుని, "రోజూ తినేదే తినినాను సార్" అన్నాడు.

నన్ను కాపాడాడు చెల్లీ. జూన్ నుంచి నేను కోరుకున్నది అదే, ఆ పిల్లని కాదని నా పక్కన నిలబడాలని. నిలబడ్డాడు. చూసి ఓర్చుకోలేకపోయాను.

"లేదు సార్" అన్నాను. "రోజూ మధ్యాన్నం ఈయనకి కరుపట్టి వేసి సుక్కు కాపీ ఇస్తా ఉంటిని, ఆ పిల్లకి తెలియకుండా. దాని వల్లే మందు ఎక్కువైంది. ఆ రోజు నాకు కోపం వచ్చి ఇవ్వలేదు. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు."

అజిత్ "అమ్మా!" అన్నాడు. ఆఫీసు మనిషి కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసుకున్నాడు.

ముత్తుమారి కాళ్ల మీద పడుతుందని కాదు గానీ, కనీసం కళ్లు తుడుచుకుంటుంది అనుకున్నాను. అరిచింది. "ఎందుకు పెద్దమ్మా? నేనేమి చేసినాను మీకు? చక్కెర ఎందుకు ఎక్కువ అని నిద్ర లేక ఏడ్చినాను. మీ దగ్గరే అడిగినాను గదా! మీరు ఇస్తా ఉంటారు, ఈయన తాగుతా ఉంటారు, ఇద్దరూ ఒకటి. నడుమ నేను చావాలా?" అంది. మీ బావని కూడా వదల్లేదు. "పెదనాన్నా, మీకూ నోరు రాలేదే!" అంది. ఆయన దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు.

ఇంకెవరైనా నన్ను ఇంత తిట్టి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. వింటూ నిలబడ్డాను.

అరిచి అరిచి ఆయాసపడి, నీళ్లు తాగి, చేతులు కడుక్కుంది. "కాలు చూపించండి" అంది. కట్టు విప్పి, ఆస్పత్రి నుంచి వచ్చాక మూడు రోజులుగా నేను కట్టిన తీరు చూసి మళ్లీ తిట్టింది. పుండు మానే దాకా వస్తానంది. "మీ కోసం కాదు, ఆ కాలి కోసం" అంది. ఆ తర్వాత మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. పోతూ పోతూ నాతో మాత్రం, "రేపు మీరే ఇంజక్షన్ వేయాలి, నేర్పిస్తాను, చీర కొంగు దోపుకుని రండి" అంది.

అక్క


తిరుచ్చి,
సెప్టెంబరు 26

అక్కా,

సూది గుచ్చాక వెంటనే లాగకు, పది అంకెలు లెక్కపెట్టి తియ్యి. రోజూ ఒకే చోట వేయకు. చెయ్యి మొదట వణుకుతుంది. నాకూ వణికింది.

ఆ పిల్ల తిట్టినందుకు నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. నాకు ఆ రోజు వార్డులో నోరు రాలేదు.

నీ చెల్లెలు


రాజపాళయం,
నవంబరు 23

చెల్లెలు వినోదినికి,

మీ బావ కాలు నిలిచింది. పుండు రూపాయి బిళ్లంత మిగిలింది, అది కూడా మూసుకుంటుందని డాక్టరు అన్నాడు. సూది నేనే వేస్తున్నాను, కట్టు నేనే కడుతున్నాను. పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. సుక్కు కాపీ ఇప్పుడు కరుపట్టి లేకుండా కాస్తున్నాను. ముఖం వికారంగా పెట్టుకుని తాగుతాడు.

పుండు మానే దారిలో పడగానే, దీపావళికి ముందే ముత్తుమారి వెళ్లిపోయింది. పోయే రోజు దాకా పని మాటే తప్ప వేరే మాట లేదు. సామాను సర్దుకుని "వస్తాను" అని పోయింది. నేను చీర పెడితే తీసుకోలేదు.

నిన్న కాలు చూపించడానికి ఆస్పత్రికి పోయాం. అక్కడ కనిపించింది. తళవాయిపురంలో ఒక ముసలావిడకి పక్షవాతం వచ్చిందట, ఆమె దగ్గర పని చేస్తోంది. మీ బావే ముందు చూసి "పిల్లా!" అని కేక వేశాడు. వచ్చింది. మా ముఖాలు కాదు, కాలే చూసింది. "ఎవరు కట్టినారు?" అని అడిగింది. నేనే అన్నాను. పెళ్లిచూపుల్లో కూడా అంత భయపడలేదు చెల్లీ. వేలు దూర్చి చూసి, "కొంచం బిగుతు" అని అక్కడే వరండాలో కూర్చుని విప్పి మళ్లీ కట్టింది. కట్టి, నా భుజం మీద చెయ్యి ఆనించి లేచింది. అంతే.

తర్వాత ఆ ముసలావిడ దగ్గరికి పోయింది. ఆమెకి మూతి ఒక పక్కకి పోయి ఉంది, చొంగ కారుతోంది. ముత్తుమారి తన కొంగుతో తుడిచి, చెవిలో ఏదో చెప్పింది. ఆ ముసలావిడ ఆ వంకర మూతితోనే నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ, మా వైపు తిరగకుండానే లోపలికి తీసుకుపోయింది.

ఆటోలో మీ బావ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, నాకు వినబడలేదు. ఒళ్లు మళ్లీ మండిపోయింది. ఈసారి ఎవరి మీదో రాయడానికి సిగ్గుగా ఉంది, నవ్వకు. ఆ ముసలావిడ మీద.

అక్క